ఉదయపు ఆట, రెండో షిఫ్టు: ఒక బాలానగర్ ప్రేక్షకుడి అభిమాన చిత్రాల జాబితా – చారిత్రక పరిశీలన

బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో 1969 నుంచి పనిచేసిన మా నాన్న, 1993 నాటి కంపెనీ డైరీ చివరి పుటలో తనకు మిక్కిలి ఇష్టమైన పదకొండు చలనచిత్రాల పేర్లు రాసి పెట్టుకొన్నారు. ఆ పుటకు శీర్షిక లేదు. విడుదలైన సంవత్సరాలు లేవు. దర్శకుల పేర్లు లేవు. ప్రతి పేరుకు ఎదురుగా మాత్రం ఒక పొడి అక్షరమో, చిన్న మాటో ఉంది. మాయాబజార్ – రే. మా భూమి – ఉ. మల్లీశ్వరి – ఉ. పాతాళభైరవి – ఊరు. శంకరాభరణం – ఉ. దేవదాసు – ఉ. నర్తనశాల – ఊరు. ముత్యాలముగ్గు – ఉ. షోలే – సె. మరోచరిత్ర – సె. శివ – వీ.

ఇలాంటి జాబితాలను మనం అభిరుచికి సాక్ష్యాలుగానే చదువుతాం. పేర్లను చూస్తే ఇందులో విశేషమేమీ కనిపించదు. ఆ తరం ప్రేక్షకులను ఎవరిని అడిగినా ఇంచుమించు ఇవే చెబుతారు. నా దృష్టి నిలిచింది పేర్ల మీద కాదు, వాటి పక్కనున్న అక్షరాల మీద. ‘ఊరు’ అంటే నర్సాపూర్ వైపున్న మా స్వగ్రామానికి వచ్చిన డేరా సినిమా. ‘ఉ.’ అంటే ఉదయపు ఆట, ‘సె.’ అంటే సెకండ్ షో. ‘రే.’ రేడియో, ‘వీ.’ వీడియో. ఏ చిత్రం ఎప్పుడు విడుదలైందన్నది ఆయనకు పట్టలేదు. అది తనకు ఏ దారిన చేరిందన్నది మాత్రం మరవలేదు. తెలుగు సినిమా చరిత్రను విడుదల తేదీల వరుసలో రాయడానికి అలవాటుపడిన మనకు ఈ పుట మరొక కాలక్రమాన్ని చూపుతున్నదని నా ప్రతిపాదన.

పదకొండింటిలో అయిదు ఉదయపు ఆటలు కావడం యాదృచ్ఛికం కాదు. దాని కారణం బాలానగర్ చరిత్రలోనే ఉంది. 1960ల నుంచి ఈ ప్రాంతం పారిశ్రామికవాడగా రూపుదిద్దుకొంది. ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం, 1965లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం, 1968లో పనిముట్ల రూపకల్పన శిక్షణ సంస్థ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటిని ఆశ్రయించి చిన్న చిన్న లేత్ షెడ్లు వందలుగా వెలిశాయి. మెదక్ పల్లెల నుంచి, కోస్తా జిల్లాల నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవారు ఇక్కడ షిఫ్టుల లెక్కన బతకడం నేర్చుకొన్నారు. మా నాన్న ఎక్కువ కాలం చేసింది రెండో షిఫ్టు: మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు. మ్యాట్నీ, ఫస్ట్ షో రెండూ ఆ సమయంలోకే వస్తాయి. సెకండ్ షో వారపు సెలవు నాడే సాధ్యం. మిగిలింది ఉదయం పదకొండు గంటల ఆట ఒక్కటే.

ఉదయపు ఆట స్వభావం వేరు. కొత్త చిత్రాలు మూడాటలుగా నడిచే థియేటర్లలో ఉదయం పూట పాత ప్రింట్లు తెచ్చి వేసేవారు. టికెట్టు చౌక. పంపిణీదారుకు అది పాత సరుకు మీద వచ్చే చిల్లర ఆదాయం. రెండో షిఫ్టు కార్మికుడికి అదే చలనచిత్ర గ్రంథాలయం. 1951లో వచ్చిన మల్లీశ్వరి, 1953 నాటి దేవదాసు 1970లలో మా నాన్నకు ‘కొత్త’ సినిమాలయ్యాయి. వాటిని ఎంచింది ఆయన కాదు. ఏ ప్రింటు నిలిచి ఉందో, ఏ ప్రింటును పంపిణీదారు వదులుకోలేదో అదే ఆయన ముందుకు వచ్చింది. అందులోంచి ఆయన ఎంచుకొన్నారు. అభిరుచి ఈ రెండో అంచెలో మాత్రమే పనిచేసింది.

మల్లీశ్వరి వరుసలో ‘ఉ.’ తరువాత చిన్న అక్షరాలతో ‘చివర లేదు’ అని ఉంది. ప్రింటు తెగిందేమోనని మొదట అనుకొన్నాను. అడిగితే నవ్వారు. బి.ఎన్. రెడ్డి తీసిన ఆ చిత్రం నిడివి సుమారు మూడు గంటలు. పదకొండుకు మొదలైతే రెండు దాటుతుంది. రెండింటికి కార్డు పంచ్ చేయాలి. ఒంటిగంట దాటగానే లేచి వచ్చేశారట. నాగరాజు, మల్లీశ్వరి చివరికి ఏమయ్యారన్నది ఆయనకు చాలా ఏళ్ల తరువాత దూరదర్శన్‌లో తెలిసింది. అయినా జాబితాలో మల్లీశ్వరి మూడోది! దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు సమకూర్చిన ఆ చిత్రాన్ని మనం తరగతి గదుల్లో సంపూర్ణ కావ్యంగా బోధిస్తాం. దాన్ని అసంపూర్ణంగానే ప్రేమించిన ప్రేక్షకులూ ఉన్నారు, బహుశా తక్కువమంది కారు.

మా భూమి సంగతి ఇంతకంటే ఆసక్తికరం. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రం 1980 మార్చి 23న విడుదలైంది. తారలు లేని చిత్రానికి మూడాటల థియేటరు దొరకడం కష్టమైన రోజుల్లో అది హైదరాబాదులో ఉదయపు ఆటగానే ఏడాది ఆడింది. ఈ విజయాన్ని సాధారణంగా ఇతివృత్త బలానికి ఆపాదిస్తాం, అది నిజమే. కాని ఉదయం పదకొండు గంటలకు ఖాళీగా ఉండగలిగిన ప్రేక్షకులు ఎవరు? విద్యార్థులు, నిరుద్యోగులు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు కార్మికులు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చూపిన చిత్రం పల్లె వదిలి ఫ్యాక్టరీకి వచ్చిన రైతుబిడ్డల తీరిక వేళలోనే ఆడింది. ఆ వేళ కూడా ఆ విజయానికి ఒక కారణమన్నది నా ఊహ. నిరూపణకు ఆనాటి థియేటర్ల రోజువారీ లెక్కల పుస్తకాలు కావాలి. అవి ఎక్కడైనా మిగిలి ఉంటే మన శాఖలే సేకరించాలి.

ఇక మొదటి వరుస. మాయాబజార్ పక్కన ‘రే.’ అన్న అక్షరం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం లేని మాయాబజార్ ఏమిటి? వివిధభారతిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ పేరిట సినిమా శబ్దాన్ని కుదించి వినిపించేవారు. ఆయన మాయాబజార్ అదే. విన్నది ఎన్నిసార్లో లెక్కలేదు, చూసింది మాత్రం చాలా ఆలస్యంగా. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. కె.వి. రెడ్డి 1957లో తీసిన ఆ చిత్రంలో పింగళి నాగేంద్రరావు సృష్టించిన అసమదీయులు, తసమదీయులు, గింబళి, వీరతాళ్లు వంటి మాటలు తెలుగువారి నోళ్లలో నిలిచింది కంటి ద్వారా కాదు. ఎస్.వి. రంగారావు కంఠం, మాధవపెద్ది సత్యం గానం ఘటోత్కచుడిని చెవిలోనే నిలబెట్టగలవు. తెలుగు చలనచిత్రాన్ని దృశ్యకళగా మాత్రమే విశ్లేషించే మన అలవాటుకు ఈ ఒక్క అక్షరం అడ్డు నిలుస్తుంది.

చిత్రాల స్థానాలు వాటి పునఃప్రదర్శన వల్ల మారడం మనకు మాత్రమే పరిమితం కాదు. 1952లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల చేత ఎంపిక చేయించిన తొలి పది చిత్రాల్లో ‘సిటిజన్ కేన్’ లేదు. అది 1941 నాటి చిత్రం. 1950ల మధ్యలో మళ్లీ థియేటర్లకు, అమెరికా టెలివిజన్‌కు వచ్చాక 1962 నుంచి 2002 వరకు అయిదు ఎంపికల్లోనూ అదే ప్రథమం. మన దగ్గర మాయాబజార్ 2010 జనవరి 30న రంగుల్లో మళ్లీ విడుదలైంది. 2013లో భారతీయ సినిమా శతాబ్ది సందర్భంగా సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. జరిపిన ప్రేక్షకుల ఓటింగులో దేశంలోకెల్లా మేటి చిత్రంగా నిలిచింది. ఆ మధ్య మూడేళ్లను విస్మరించి ఆ ఓటును అర్థం చేసుకోలేం. మరోవైపు, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931లో కాక 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని రెంటాల జయదేవ పరిశోధనతో తేలింది. తేదీ దొరికింది, ప్రింటు దొరకలేదు. ఎవరి అభిమాన జాబితాలోనూ దానికి చోటు ఉండదు. ‘ఆల్ టైమ్’ అనే మాటను మనం ఎంత తేలిగ్గా వాడుతున్నామో!

ఒక్క డైరీ పుట నుంచి ఇంత లాగవచ్చునా అన్న అభ్యంతరం న్యాయమైనదే. పైగా ఇది 1993లో జ్ఞాపకం నుంచి రాసినది, చూసిన రోజున రాసుకొన్నది కాదు. నేను దీన్ని నమూనాగా చూపడం లేదు; అడగవలసిన ప్రశ్నను సూచించే ఆధారంగా మాత్రమే చూపుతున్నాను. అభిమాన సంఘాలు, ప్రదర్శనశాలల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన మనకు దారి వేసింది. అయితే సంఘంలో చేరని, కటౌట్‌కు పాలాభిషేకం చేయని, షిఫ్టు వేళకు లేచిపోయిన ప్రేక్షకుడు ఇంకా మన చరిత్రలోకి రాలేదు. నేటి బాలానగర్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోయే యువకుల జాబితాలనూ ఈ కోణంలో చూడాలి. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, 2006లో బడి పిల్లలుగా ఉన్నవారెందరో దాన్ని తొలిసారి వెండితెర మీద చూశారు. వారి పట్టికలో ఆ చిత్రానికి ఏ సంవత్సరం వేయాలి?

2010లో రంగుల మాయాబజార్‌కు నాన్నను నేనే తీసుకుపోయాను. బయటికి వచ్చాక ఆయన అన్నది ఒక్కటే: “గొంతు గదే ఉన్నది.” డైరీలో ‘రే.’ను ఆయన దిద్దలేదు.

ఇంతకీ అమ్మకు జాబితా లేదు. నిజానికి ఈ పుటలో అన్నిటికన్నా పెద్ద ఖాళీ అదే. ఉదయపు ఆట వేళకు ఆమె వంటింట్లో ఉండేది, సెకండ్ షోకు పిల్లలను వదిలి పోలేదు. ఆమె సినిమా హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయ్యాక, మా కాలనీలో ఎవరో టీవీ కొన్నాక మొదలైంది. నాన్న జాబితాలో లేని మిస్సమ్మను ఆమె ముందుగా చెప్పింది. “మంచిగుంటది. పక్కింటోళ్ల టీవీల చూసిన, గడప కాడ కూసొని.” తరువాత మరో నాలుగు పేర్లు. నాన్న డైరీలోనే మిగిలిన సగం పుటలో రాసుకొన్నాను. పేర్ల పక్కన ఆట వేళ రాసే అవసరం రాలేదు. ఎవరింట్లో చూసిందో రాశాను.