పాదముల క్రింది పుణ్యము: మన ఆలయపు నేల కథ

 



దేవాలయానికి వచ్చినవారి చూపు మొదట గోపురశిఖరం మీద, తరువాత ధ్వజస్తంభం మీద, చివరకు గర్భాలయంలోని దివ్యమంగళ మూర్తి మీద నిలుస్తుంది. నేల వంక చూచేవారు అరుదు. కాని ఆలోచించండి. కలశాన్ని మనం తాకలేము. మూలమూర్తిని అర్చకస్వాములు మాత్రమే స్పృశించగలరు. ధనికుడు, పేద, పసిబిడ్డ, వృద్ధుడు అనే భేదం లేకుండా ఆలయంలో ప్రతి ఒక్కరి శరీరానికి తగిలేది నేల ఒక్కటే. మనం పాదరక్షలు విడిచి దానిపై నడుస్తాము, కూర్చుంటాము, సాష్టాంగపడి నుదురు ఆనించి నమస్కరిస్తాము. అందుచేత ఈ జీర్ణోద్ధరణ సందర్భమున ఆ నేలను గురించి నాలుగు మాటలు దాతలకు, భక్తులకు విన్నవించుట ఉచితమని భావించి ఈ వ్యాసాన్ని సమర్పిస్తున్నాము.

పూర్వుల నేల

తెలుగునాట ఆలయాలలో నేలకు రాతిబండలు పరచుట ప్రాచీన సంప్రదాయము. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడిలోను, 1213లో నిర్మితమై 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన పాలంపేట రామప్ప గుడిలోను రంగమండపం మధ్య గల రాతి వేదికను చూచినవారికి, మన శిల్పులు నేలను కూడా స్తంభముతో సమానంగా గౌరవించినారని తెలియగలదు. దక్షిణాదిన అనేక ఆలయాలలో నేలబండలపై సాష్టాంగ ప్రణామం చేయుచున్న భక్తుల ఆకృతులు చెక్కి ఉండుట మీరు గమనించే ఉంటారు. తాము గతించిన తరువాత కూడ భక్తుల పాదధూళి తమపై పడవలెనని కోరుకొన్నవారి భక్తికి అవి గుర్తులు.

బండలపై కొన్నిచోట్ల శాసనాలు కూడా ఉంటాయి. కొమర్రాజు లక్ష్మణరావు గారి స్మృత్యర్థం ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను గ్రంథరూపంలో వెలువరించినది. అట్టి మహనీయుల కృషి వలననే మన గ్రామాల, దేవాలయాల చరిత్ర నేడు మనకు దక్కినది. తెలియక ఒక శాసనం మీద సిమెంటు పోసి పలక అతికించినచో ఆ చరిత్ర పుటను మన చేతులతో మనమే చించివేసినట్లు కాదా?

షాబాదు బండ వచ్చిన దారి

ఇక మన ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతపు కథకు వత్తాము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియను పెట్టిన దుకాణం వలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చినది. 1874లో హైదరాబాదును వాడితో కలుపుతూ రైలుమార్గం ఏర్పడినది. 1907లో నాంపల్లి స్టేషను నిర్మితమైనది. ఈ రైలుదారికీ మన గుడి నేలకూ దగ్గరి సంబంధం కలదు. తాండూరు ఆ మార్గంలోనే ఉన్నది. షాబాదు వాడికి చేరువనే ఉన్నది. 1956 నవంబరు 1 వరకు అది నిజాం రాష్ట్రపు గుల్బర్గా జిల్లాలో భాగం, నేడు కర్ణాటకలో ఉన్నది. ఆ ప్రాంతాలలో సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకంలోని పుటల వలె భూమిలో పరచుకొని ఉన్నది. అది 50 కోట్ల సంవత్సరాలకు పూర్వమే సముద్రగర్భంలో పేరుకొన్న రాయి. పొర వెంట చీల్చితే చదునైన పలక తనంతట తాను చేతికి వస్తుంది. బూడిదరంగు, నీలపు ఛాయ, పసుపు ఛాయ గల ఈ బండలే నగరవాసుల నోట “ఫర్షీ” అయినవి. కర్నూలు, కడప సీమలలో నాపరాయి, బేతంచెర్ల బండ ఎట్లో మనకు షాబాదు, తాండూరు బండలు అట్లు. ఇక్కడి పాత ఇళ్లు, పాఠశాలలు, సత్రములు, గుడులు ఎన్నింటికో నేల ఈ బండే.

ఆ సున్నపురాయి నుండే సిమెంటు పుట్టినది. 1936లో ఏసీసీ ఏర్పడినప్పుడు అందులో కలిసిన కంపెనీలలో షాబాదు సిమెంటు కంపెనీ ఒకటి. సిమెంటుతో పాటు రంగురంగుల సిమెంటు బిళ్లలు, తరువాత చలువరాతి ముక్కలను కలిపి నూరి మెరుగుపెట్టిన మొజాయిక్ నేలలు వాడుకలోకి వచ్చినవి. 1976లో మన సమీపమున నౌబత్ పహాడ్ మీద రాజస్థాన్ పాలరాతితో బిర్లా మందిరము వెలసిన తరువాత, నగరంలో ప్రతి ఆలయ కమిటీకి తెల్లని పాలరాయి మీద మనసు పోయినది. పిదప గ్రానైటు వచ్చినది. ఇప్పుడు పింగాణీ పలకల కాలము.

గాజుపూత మనకు కొత్తది కాదు

గాజుపూత పలక విదేశీ వస్తువని, దేవాలయానికి తగదని కొందరు పెద్దలు అభ్యంతరం తెలిపినారు. వారి ఆవేదన గౌరవింపదగినదే. అయితే హైదరాబాదుకు ఈ కళ నాలుగు శతాబ్దాలుగా పరిచితము. 1594లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన బాదుషాహీ ఆషుర్ఖానా గోడలపై 1611 నాటి రంగుల మెరుగు పలకలు నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నవి. తేడా ఏమనగా, అవి గోడకు అలంకారములు, కాలి క్రింద నలిగేవి కావు. గోడ పలకకు, నేల పలకకు గల ఈ భేదమే నేటికీ ముఖ్యమైన పాఠము.

పింగాణీ విద్య చీనాదేశమున పుట్టినది. ఐరోపావారు దాని రహస్యాన్ని ఛేదించి 1710లో జర్మనీలోని మైసెన్‌లో కర్మాగారం నెలకొల్పినారు. మన దేశంలో నేడు తయారయ్యే పలకలలో అత్యధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ పట్టణ ప్రాంతము నుండి వస్తున్నది. 1979 ఆగస్టులో మచ్ఛూ ఆనకట్ట తెగి ఆ పట్టణం వరదపాలైనది. తిరిగి లేచి, దేశానికంతటికీ నేల పలకలు పంపుచున్న ఆ ఊరి కథ కూడా ఒక జీర్ణోద్ధరణమే.

ఎంపిక ఎట్లు?

ఆబిడ్స్‌కు, కోఠీకి నడుమ ట్రూప్ బజారులో దుకాణాల ముందు నిలిచినచో కనులు చెదురును. అన్నీ మెరిసేవే. భక్తులు తమ ఇళ్లకు కొనుగోలు చేసేటప్పుడు కూడా ఉపకరించునని కొన్ని విషయాలు ఇచ్చట వివరిస్తున్నాము.

మొదటిది, నీరు పీల్చు గుణము. మేలైన మట్టి, స్ఫటికశిల, ఫెల్డ్‌స్పార్ పొడులను అధిక ఒత్తిడితో అచ్చువేసి సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చగా పింగాణీ పలక తయారగును. అది తన బరువులో నూటికి 0.5 వంతుకు మించి నీటిని పీల్చరాదు. గోడలకు వాడే సాధారణ పలక నూటికి 10 వంతులకు పైగా పీల్చును. చవకగా వచ్చినదని గోడ పలకను నేలకు వేయరాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 ఈ తరగతులను నిర్ణయించినది. పెట్టెపై ఆ గుర్తు చూచుకొనవలెను.

రెండవది, పూత అరుగుదల. గాజుపూత పలకలను అరుగుదలను బట్టి 0 నుండి 5 వరకు పీఈఐ తరగతులుగా విభజిస్తారు. పడకగదికి చాలునది గుడికి చాలదు. పర్వదినాలలో వేల పాదములు, వాటితో వచ్చిన ఇసుక రేణువులు పూతను ఆకురాయి వలె గీయును. 4 లేక 5వ తరగతి పలకయే దేవాలయానికి యోగ్యము.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, జారుడు. ఇందుకు ఒక అనుభవం చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రితం నగరంలోని ఒక ఆలయంలో, అభిషేక జలము చిందిన నున్నని పలకలపై ఒక వృద్ధురాలు మా కన్నుల ఎదుటనే జారిపడినది. తుంటి ఎముక విరిగినది. నలుబది ఏండ్లు ప్రతి శనివారం స్వామిని దర్శించిన ఆ తల్లి, ఆ తరువాత గుడి మెట్లు ఎక్కలేదు. ఆ నేల అద్దము వలె మెరియుచుండినది, దానిని వేయించిన దాత ఎంతో భక్తితోనే వేయించినాడు. భక్తి చాలదు, వివేకము కూడ కావలెనని ఆనాడు మాకు తెలిసినది. జారుడును నిరోధించు శక్తిని ఆర్9 నుండి ఆర్13 వరకు అంకెలలో సూచిస్తారు. అంకె పెరిగిన కొలది పట్టు పెరుగును. నీరు, నూనె పడు చోట్ల మెరుపు లేని, గరుకు గల పలకనే అడిగి తీసికొనవలెను. ఎండ తగులు ప్రదక్షిణ మార్గమున ముదురు రంగు ఎంతమాత్రం తగదు. వేసవి మధ్యాహ్నం అది అరికాళ్లను కాల్చివేయును.

పరచుటలోని మెలకువలు

పింగాణీ నీటిని పీల్చదు గనుక ఉత్త సిమెంటు పాలు దానిని గట్టిగా పట్టుకొనవు. ఐఎస్ 15477 ప్రమాణానికి తగిన జిగురుతోనే పరుపవలెను. నాలుగు మూలలా నాలుగు ముద్దలు వేసి నడుమ ఖాళీ వదలుట మేస్త్రీలకు సులభము. కాని అట్టి పలకను తట్టితే డొల్ల శబ్దం వచ్చును, బరువు పడగానే చిట్లును. పలక అడుగంతటికీ జిగురు అందవలెను. సందు విడువకుండా ఆనించి పరచుట అందమని తలచరాదు. ఎండకు నేల వ్యాకోచించి పలకలు పైకి లేచును. 2, 3 మిల్లీమీటర్ల సందు విడిచి, నూనె, పసుపు, కుంకుమ పడుచోట ఎపాక్సీ గ్రౌట్‌తో పూరించినచో మరకలు సందులలోకి ఇంకవు. నీరు నిలువకుండ వాలు ఉంచవలెను. ఒకే బ్యాచి సంఖ్య గల పెట్టెలు కొని, నూటికి పది వంతులు అదనంగా తెచ్చి, రెండు పెట్టెలు భద్రపరచవలెను. పదేండ్ల తరువాత అదే రంగు పలక దొరకుట దుర్లభము.

పింగాణీ అన్నింటికీ సరిపోదు. కొబ్బరికాయ కొట్టుచోట దెబ్బకు అంచు చిట్లును. కర్పూరము వెలిగించుచోట వేడికి పూత బీటలు వారును. ఆ రెండు తావులలో దళసరి గ్రానైటు బండయే మేలు. ఇక శుభ్రపరచుటకు ఆమ్లములు వాడరాదు. ముఖ్యముగా షాబాదు బండ, పాలరాయి సున్నపురాతి జాతివి గనుక ఆమ్లము తగిలినంతనే పొంగి, మెరుగు కోల్పోవును. గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు చాలును.

మన నిర్ణయము, ఒక ధర్మసంకటము

మన ఆలయమున నేలంతయు ఒకే మెరుపు పలకతో నింపుదమని తొలుత ఒక దాతగారు సంకల్పించినారు. పైన చెప్పిన విషయాలన్నియు వినిన పిదప, వారే పెద్దమనసుతో తమ కోరికను మార్చుకొన్నారు. గర్భాలయము, అంతరాళములలోని పాత రాతిని కదల్పలేదు. మండపమున పాత షాబాదు బండలనే తీసి, అడుగు సరిచేసి, మెరుగుపెట్టి తిరిగి పరచినాము. వంటశాల, ప్రసాదముల గది, కాళ్లు కడుగుకొను తావు, కార్యాలయములలో మాత్రము గరుకు పింగాణీ పలకలు వేసినాము.

బండలు ఎత్తినపుడు ఒక సంకటము ఎదురైనది. కొన్నింటిపై పూర్వపు దాతల పేర్లు చెక్కి ఉన్నవి, సగము అరిగిపోయినవి. పేర్లను తొక్కుట దోషమని, గోడకు ఎత్తి అమర్చుదమని కొందరు అన్నారు. ఆ వంశీయులలో ఒక పెద్దాయనను అడుగగా, “మా తాతగారు కావాలనే కాళ్ల క్రింద వేయించినారు, గోడకెక్కించి ఆయన కోరికను చెరపవద్దు” అని బదులిచ్చినారు. ఆ మాటకు మేమందరము తలవంచినాము. ప్రతి బండకు ఛాయాచిత్రం తీసి, అక్షరాలను పుస్తకంలో వ్రాసికొని, బండలను యథాస్థానమున ఉంచినాము.

ఇతర ఆలయ కమిటీలకు మా మనవి ఒక్కటే. నేల తవ్వుటకు ముందు ప్రతి బండను కడిగి చూడండి. అక్షరములు, ఆకృతులు కనబడినచో పని ఆపి గన్‌ఫౌండ్రీలోని పురావస్తు శాఖకు తెలుపండి. నిబంధనల విషయమై బొగ్గులకుంటలోని దేవాదాయ శాఖ కార్యాలయమును సంప్రదించండి. ఈ రెండును మన వీధులలోనే ఉన్నవి.

దాతలారా! ఈమారు కొత్త పలకలపై ఎవ్వరి పేరును వ్రాయలేదు. మీ పేర్లు ఈ సంచిక చివర ముద్రితమైనవి. పలక మాత్రము పేరు లేకయే పడియుండి వచ్చినవారి పాదములను మోయును. కుంభాభిషేక వేళ మీరు మండపమున నిలిచినప్పుడు ఒక్క క్షణము తలవంచి మీ పాదముల క్రింద చూడండి. తాతల నాటి బండ, మీనాటి పలక ఒకదాని ప్రక్కన ఒకటి కానవచ్చును. మీ మనుమలు కూడా జారకుండ, కాలకుండ, నిర్భయముగా వానిపై ప్రదక్షిణము చేయుదురు గాక!

స్వస్తి. శుభం భూయాత్.