దశబంధం: నీటికి మన పెద్దలు కట్టిన వెల

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంఘంవారు అడిగినప్పుడు కోటలు, యుద్ధాలు రాయబుద్ధి పుట్టలేదు. చెరువును గురించి రాస్తున్నాను. భివండీలో మగ్గం పట్టిన మనవారిలో చాలామంది కరీంనగరం, వరంగల్లు, నల్లగొండల చెరువుల కింది ఊళ్ళవారే గదా!

కాకతీయుల నాడు, విజయనగర ప్రభువుల నాడు దశబంధమనే ఏర్పాటు ఉండేది. సొంత సొమ్ముతో చెరువు కట్టించినవానికి, లేక పాడైనదానిని బాగుచేయించినవానికి, దాని కింద సాగయ్యే భూమిలోనో ఫలసాయంలోనో పదోవంతు ముట్టేది. సీమసీమకూ పద్ధతి కొంత మారినా ముఖ్యసూత్రం ఇదే. కట్టకు ఎంత ఖర్చయిందన్నది కాదు, నీరు ఎంత పండించిందన్నది లెక్క. చెరువు పూడితే పదోవంతూ తరిగేది. కనుక మరమ్మతు చూడక తప్పేది కాదు. కడప, అనంతపురం జిల్లాలలో దశబంధ మాన్యాలు ఇంగ్లీషువారి కాలం దాకా సాగాయి.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బళ్ళు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను కూడ ఆ శాసనం చెబుతుంది. ఆ దోషాలలో రెండు నాకు మరీ నచ్చాయి: నీరు కొంచెమై భూమి ఎక్కువగుట ఒకటి, నీరు ఎక్కువై భూమి తక్కువగుట మరొకటి. వ్యాపారి కూడ ఇంతకంటె చక్కగా లెక్క వేయగలడా?

ఈ కాలంలో ఆ లెక్క న్యాయస్థానం చెప్పవలసివచ్చింది. గనులకో కర్మాగారాలకో అడవి నేల తీసుకొనేవారు ఆ అడవి చేసే మేలుకు వెల చెల్లించాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. 2008లో ఆ వెల అడవి రకాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుండి 10.43 లక్షల రూపాయల వరకు నిర్ణయమైంది.

మొన్న మన సైజింగు యజమాని ఒకరిని, “అన్నా, నెలకు నీటి ఖర్చెంత?” అని అడిగాను. ట్యాంకరుకు ఇంతని పైసలతో సహా చెప్పాడు. “మరి వాడి వదిలిన నీటికో?” అన్నాను.

“దానికి ఖర్చేముంది తమ్మీ, కాలువలో పోతుంది” అన్నాడు.

ఆ కాలువ కామ్వారీ నదిలో కలుస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.