ఆస్తి వద్దు, పేరు చాలు

1984 మే నెలాఖరులో 'ప్రైవేట్ డాన్సర్' అనే ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద గాయని పేరు టీనా టర్నర్. అందులో ఒక్క ముక్క కూడా కన్నవాళ్లు పెట్టింది కాదు. 1939లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, పత్తి చేలు పండే నట్‌బుష్ ప్రాంతంలో పుట్టినప్పుడు ఆవిడ ఆనా మే బుల్లక్. ఐక్ టర్నర్ బృందంలో పాడుతూ ఉంటే, 1960లో ఒక పాట రికార్డుగా వచ్చినప్పుడు అతనే ఈ పేరు పెట్టాడు. ఆవిణ్ణి అడగలేదు. పైగా ఆ పేరు మీద హక్కు తన పేరిట రాయించుకున్నాడు. ఈవిడ వెళ్లిపోయినా, ఇంకొకామెని అదే పేరుతో నిలబెట్టచ్చు కదా!

తర్వాత పెళ్లి, ఏళ్ల తరబడి దెబ్బలు. ఇంట్లో నలుగురు మగపిల్లలు. వాళ్లలో ఇద్దరు ఐక్‌కి ముందు సంబంధంలో పుట్టినవాళ్లు, వాళ్లనీ ఈవిడే పెంచింది. 1976 జులైలో డల్లాస్‌లో కచేరీకి ముందు, దెబ్బలు తిన్న మొహంతో హోటల్ గది లోంచి పారిపోయింది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు.

1978లో విడాకులు. డబ్బూ దస్కం మీద హక్కులు చాలావరకు వదులుకుంది. రద్దయిన కచేరీల అప్పులు మాత్రం మెడకు చుట్టుకున్నాయి. అడిగి తీసుకున్నది ఆ పేరు. కొట్టినవాడు పెట్టిన పేరు పట్టుకుని వేలాడటం ఏమిటి అనిపిస్తుంది. నాకలా అనిపించదు. పెట్టినవాడు అతనైనా, పదహారేళ్లు చెమటోడ్చి దానికి విలువ తెచ్చింది ఎవరు? మనకీ పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఇరవై ఏళ్లయ్యాక ఆ పేరు ఎవరిదని అడిగితే ఏం చెబుతాం?

పేరొక్కటే కూడు పెట్టదు. ఆవిడ లాస్‌వేగాస్ హోటళ్లలో పాడింది, టీవీ షోలకి వెళ్లింది, ప్రభుత్వమిచ్చే ఆహార కూపన్లతో కొన్నాళ్లు ఇల్లు నడిపింది. విడిపోయాక తెచ్చిన రెండు ఆల్బమ్‌లూ అమ్ముడుపోలేదు. నలభై దాటిన నల్లజాతి స్త్రీ రాక్ పాడితే వినేదెవరని కంపెనీల లెక్క. కొత్త మేనేజర్ రోజర్ డేవిస్ ఆవిణ్ణి ఇంగ్లండ్ వైపు తిప్పాడు. 1983లో అల్ గ్రీన్ పాత పాటొకటి అక్కడ మళ్లీ పాడితే హిట్టయింది. అప్పుడు కంపెనీ గబగబా ఆల్బమ్ అడిగింది. నలుగురైదుగురు నిర్మాతలతో, కొద్ది వారాల్లో, ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే తయారైంది.

టైటిల్ పాట మార్క్ నాప్‌ఫ్లర్ రాసింది. డబ్బు కోసం ఆడే డాన్సర్ మనసు అది. మగగొంతుకు నప్పదని తాను పాడకుండా పక్కన పెట్టేశాడు. 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' అయితే మొదట ఈవిడకే నచ్చలేదు. గొంతు చించుకుని పాడే మనిషి, ఇందులో మాత్రం అణిచిపెట్టి పాడింది. ప్రేమతో పనేముంది అని అడిగే ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపిస్తుంది నాకు. అదే పాట ఆ సెప్టెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లి మూడు వారాలు అక్కడే ఉంది. అప్పటికి ఆవిడకి 44 ఏళ్లు. మరుసటి ఫిబ్రవరిలో ఈ ఆల్బమ్ పాటలకి గ్రామీలు వచ్చాయి.

2023 మేలో స్విట్జర్లాండ్‌లో కన్నుమూసేదాకా లోకానికి ఆవిడ టీనా టర్నరే. ఐక్ పేరు చెప్పాలంటే మాత్రం ఇప్పుడు "ఆవిడ మొదటి భర్త" అనాల్సి వస్తోంది.