వీథిబడిలో పద్యపఠనము

1823వ సంవత్సరము ఆగస్టు నెలలో బళ్లారి జిల్లా కలెక్టరు కాంబెల్ దొర, తన జిల్లాలోని బడులనుగూర్చి చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డునకు ఒక నివేదిక వ్రాసి పంపెను. దేశమున చదువు ఏ స్థితియందున్నదో తెలిసికొనగోరి గవర్నరు సర్ తామస్ మన్రో అంతకు ముందటి యేడు అన్ని జిల్లాలకును ఉత్తరువు పంపియుండెను. పెక్కుమంది కలెక్టర్లు పట్టికలు నింపి పంపి ఊరకుండిరి. కాంబెల్ మాత్రము బడిలోనికి తొంగిచూచెను. ఆయన తెలుగు నేర్చి, 1816లో ఆ భాషకు ఇంగ్లీషున వ్యాకరణము ప్రకటించినవాడు. కాబట్టి తెలుగుపిల్లలు పద్యము చదువు తీరునుగూర్చి ఆయన యన్న మాటను పరాయివాని మాటయని త్రోసివేయుటకు వీలులేదు.

ఆ మాట కటువైనది. బడిలో చదివించునవి పద్యములు. పద్యముల భాష వేరు, ఇంటిలో మాటలాడు భాష వేరు. బాలుడు వందలకొలది పద్యములు తడుముకొనక అప్పగించును, కాని వాని యర్థము చిలుక కెంత తెలియునో వానికిని అంతే తెలియును — ఇది ఆయన నిందకు సారాంశము. ఈ నింద అబద్ధమని నేను చెప్పజాలను. మా తాతల తరమువారు కొందరు ముదిమిలో సైతము, బాల్యమున వల్లించిన పద్యముల నొక్క అక్షరము తప్పక చదివి, "దీని భావ మేమిటి?" అని యడిగినచో నవ్వి ఊరకుండుట నేను చూచియున్నాను.

అయినను ఆ దొర తూకమున వేయని దొకటి కలదు. అర్థ మెరుగని ఆ పిల్లవానికి గొంతుక యుండెను. నలుగురిలో నిలిచి నోరు తెరచుటకు వాడు జంకెడివాడు కాడు. ఆ ధైర్యము వాని కెట్లు వచ్చెను?

వీథిబడి యనగా పెద్ద భవనము కాదు. ఒక గృహస్థుని వీథియరుగో, గుడిమండపమో, చెట్టునీడయో. నేలపై ఇసుక పరచి దానిలో వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. ఉదయమున మొట్టమొదట వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలుకొని దెబ్బలు ఒక్కొక్కటి పెరుగుననియు కాంబెల్ వ్రాసెను. అరుగునకు తలుపు లేదు గదా! కూరలమ్మువాడు, నీళ్లకు పోవు ఆడువారు, పొలమునుండి వచ్చు రైతు — అందరును ఆ చదువు వినుచునే పోవుదురు. ఎవడైన తప్పు చదివినచో బాటసారియే దిద్దుటయు కలదు. అనగా ఆ బాలుడు చదువు మొదలుపెట్టిన దినముననే సభ యెదుట నిలిచినవాడు. సభ యనగా భయపడవలెనని వానికి ఎవ్వరును చెప్పనే లేదు.

రెండవ సంగతి, మూకచదువు. పెద్దపిల్లవాడొకడు ముందు నిలిచి పాదము చెప్పును. తక్కినవారందరు ఒక్క గొంతుతో దాని నందుకొందురు. పెద్దవారు చిన్నవారికి నేర్పు నీ పద్ధతిని కాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియే యున్నదనెను. చెన్నపట్టణమున ఎగుమూరులోని అనాథబాలుర శాలకు పెద్దగా నుండిన ఆండ్రూ బెల్ ఈ తీరును ఇక్కడనే ప్రయోగించి, 1797లో దానిపై ఒక చిన్న పుస్తకమును లండనులో ప్రకటించెను. ఆయన దృష్టి ఖర్చు తగ్గుటపై నుండెను. నా దృష్టి వేరు. పదిమంది గొంతులలో తన గొంతును దాచుకొన్న పిల్లవాడు, తనకు తెలియకయే దానిని పెంచుకొనును. ఒకనాడు తక్కినవారు ఆగిపోయినను వాడు ఆగడు. తాను ఒంటరిగా చదువుచున్నానని పాదము ముగిసినపిదపగాని వానికి తెలియదు.

మూడవది దసరా. నవరాత్రులలో పిల్లలు రంగుకాగితములు చుట్టిన వెదురు విల్లంబులు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికి తిరిగి పద్యములు చదివెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. ఇది వేడుక యని మనము తలంతుము గాని అయ్యవారికి జీవనము. పిల్లలు నసిగినచో ఆయన కంచములో మెతుకు తగ్గును. ఉచ్చారణ దిద్దుటలో ఆయనకంత శ్రద్ధ యేల యుండెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఐనను ఆ కాలమును బంగారుకాలమని పొగడబోను. ఆ జిల్లా నేడు కర్ణాటకములో నున్నది, నాడు చెన్నరాజధానిలోనిది, రెండు భాషలు పెనవేసికొన్న సీమ. అందు లెక్కకు వచ్చిన బడులు 533. వానిలో కన్నడపుబడులు 235, తెలుగుబడులు 226. చదువుకొను పిల్లలు మొత్తము 6,641 మంది. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. జిల్లా జనసంఖ్యయో తొమ్మిది లక్షలకు పైబడినది. గొంతు విప్పు భాగ్యము ఎంద రికి దొరకినదో, ఎందరికి దొరకలేదో ఈ అంకెలే చెప్పుచున్నవి. ఆడుపిల్లలకు పాట లేకపోలేదు. కాని అది వంటయింటిలోను, ఉయ్యాలయొద్దను నిలిచిపోయెను.

తరువాత 1854 నాటి విద్యాపత్రము, సర్కారు గ్రాంటులు, పరీక్షలు వచ్చెను. అరుగుబడి గోడల నడుమకు చేరెను. పద్యము అచ్చుపుస్తకములోనికి పోయెను. ప్రతిపదార్థము, తాత్పర్యము, అలంకారము — కాంబెల్ కోరినది దొరకెను. దానితో గొంతు పోయెను! పరీక్షలో పద్యమునకు చెవి లేదు, ఉన్నది కన్నొక్కటియే. అర్థము తెలిసిన బాలుడు లేచి నిలిచి చదువుమన్నచో చెమటలు పట్టి బల్లను గోకుకొనుచుండెను.

బడి విడిచిన పద్యమునకు రంగస్థలము చోటిచ్చెను. విచిత్రమేమనగా అదియు బళ్లారిలోనే. 1880–90 నడుమ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయము' మొదలగు నాటకములాడించి, రాగయుక్తమైన పద్యమునకు తెలుగురంగమున నెలవు కల్పించిరి. పిమ్మట తిరుపతి వేంకటకవులు అవధానములతో ఊరూర పద్యమును మ్రోగించిరి. వారి పాండవనాటకముల పద్యములు అక్షరమురాని పశులకాపరుల నోళ్లకును ఎక్కెను. కాని రంగముపై రాగము పెరిగి పెరిగి పద్యమును మ్రింగసాగెను. ధర్మవరమువారి మేనల్లుడే యైన బళ్లారి రాఘవ (1880–1946) దీని నిరసించి, పాత్ర మనసులోని భావము వినబడవలెను గాని గమకములు కాదని పట్టుపట్టెను. కాంబెల్ నిందయు రాఘవ కోపమును ఒక్కటే గదా! ధ్వని యున్నది, అర్థ మెక్కడ?

నేను ఉపాధ్యాయుడనై చూచిన దొకటి విన్నవింతును. పిల్లలు పద్యము చదువుటలో తడబడు తావు సామాన్యముగా పాదాంతము. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి అక్షరమైత్రి మాత్రమే, అక్కడ ఆగవలసిన పనిలేదు. ఉత్పలమాలలో పదవ అక్షరము, శార్దూలములో పదమూడవది — అచ్చట చెవికి మైత్రి తోచిన చాలును. పాదాంతమునను అంతే, మన కవులు పదమును నడుమ విరిచి తరువాతి పాదములోనికి సాగింతురు. అచ్చుపుస్తకము పంక్తిని తెంచినది గదాయని పిల్లవాడును ఊపిరి తెంచును. అర్థము చచ్చును, వెంటనే ధైర్యము చచ్చును. అందుచే నేను మొదట పద్యమును వారి సొంతమాటలలో చెప్పింతును. ఊపిరి ఎక్కడ తీయవలెనో వారిచేతనే గీత గీయింతును. ఆపైని మూకగా చదివింతును. అటుపిమ్మట ఒక్కనిని వసారా ఆ చివర నిలిపి, నేను ఈ చివర నిలిచి, "నాకొక్కనికి వినబడునట్లు చెప్పుము" అందును. వందమందికి చెప్పలేనివాడు ఒక్కనికి చెప్పగలడు.

ఇట్లు తయారైన బాలుడొకడు బడి వార్షికోత్సవమున గజేంద్రమోక్షములోని పద్య మందుకొనెను. వాడు మాటలో కొంచెము నత్తిగలవాడు. రెండు పాదములు చక్కగా నడచినవి. మూడవ పాదమునొద్ద మాట మరచెను. సభ నిశ్శబ్దమయ్యెను. నా గుండె ఝల్లుమనెను, అందింపబోయి మానితిని. వాడు క్షణమాగి, సభవైపు చూచి, "అప్పుడు ఏనుగు బలమంతా పోయిందండీ, ఇక దేవుణ్ణి పిలుస్తోంది" అనెను. ఆ మాట యనగానే పాదము దానంతట అదే వచ్చెను. వెనుకవరుసలో కూర్చున్న వాని తల్లి లేచి నిలుచుండెను. పద్యము ముగియువరకు మరల కూర్చుండలేదు.