ఊరుగాని ఊళ్లో ఇంగ్లిష్ పంతులు

1904 అక్టోబర్. డబ్లిన్ నుంచి బయల్దేరిన ఓ యువజంట జ్యూరిక్‌లో రైలు దిగింది. అతనికి ఇరవై రెండేళ్లు, ఆమెకు ఇరవై. పెళ్లింకా కాలేదు. దారి ఖర్చులకు తెలిసినవాళ్ల దగ్గర అప్పులు చేసి వచ్చారు. అతని ధైర్యమల్లా ఒక్కటే: ఇక్కడి బెర్లిట్జ్ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం ఖాయమని ఇంగ్లండ్‌లోని ఏజెంటు ఇచ్చిన మాట.

నోరా బార్నకల్‌ను బసలో దించి, తర్వాత నవలాకారుడిగా పేరు తెచ్చుకున్న ఆ యువకుడు జేమ్స్ జాయిస్ స్కూలుకు పరుగెత్తాడు. అతను వస్తున్న సంగతే అక్కడెవరికీ తెలియదు. ఖాళీ లేదన్నారు. ట్రియెస్ట్‌లో ఖాళీ ఉండొచ్చంటే మళ్లీ రైలెక్కారు.

ట్రియెస్ట్ అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు పెద్ద ఓడరేవు. నోరాను స్టేషన్ దగ్గరి పార్కులో కూర్చోబెట్టి జాయిస్ ఊళ్లోకి వెళ్లాడు. తాగిన ఇంగ్లిష్ నావికుల గొడవలో తలదూర్చి, వాళ్లతోపాటు పోలీసులకు చిక్కాడు. బ్రిటిష్ కాన్సుల్ జోక్యంతో అతను బయటపడేదాకా, ఆ ఊరి భాష ఒక్క ముక్క రాని ఆ అమ్మాయి పార్కులోనే ఎదురుచూస్తూ కూర్చుంది.

ఇక్కడి స్కూల్లోనూ ఖాళీ లేదు. చేతిలో చిల్లిగవ్వ మిగలని దశలో ఆల్మిదానో ఆర్టిఫోని ఆదుకున్నాడు. నౌకాదళ స్థావరమైన పోలాలో, అంటే నేటి క్రొయేషియాలోని పూలాలో, కొత్త బెర్లిట్జ్ శాఖ తెరుస్తున్నది ఆయనే. వారానికి 16 గంటల పాఠాలు, రెండు పౌండ్ల జీతం. విద్యార్థులు నౌకాదళ అధికారులు.

పంతులుగా ఏ శిక్షణా లేని కుర్రాడికి ఆ పని ఎలా దొరికింది? 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ మొదలుపెట్టిన పద్ధతే కారణం. తరగతిలో అనువాదం ఉండదు. వస్తువు చూపించి, పేరు పలికి, ప్రశ్న వేసి జవాబు రాబట్టాలి. నేర్చుకునే భాష తప్ప మరో మాట వినిపించకూడదు. అందుకే ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు కావాలి. పరాయి దేశంలో దిగిన ఎందరికో ఆ నియమమే అన్నం పెట్టింది.

1905లో జాయిస్ ట్రియెస్ట్ స్కూలుకు మారాడు. జులైలో కొడుకు పుట్టాడు. జీతం చాలలేదు. తమ్ముడు స్టానిస్లాస్‌ను పిలిపించి అదే స్కూల్లో చేర్పించాడు. అయినా అప్పులు తీరలేదు. ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టాడు.

అలా 1907లో ఎత్తోరె ష్మిట్జ్ పరిచయమయ్యాడు. నలభై ఐదు దాటిన వ్యాపారి. అత్తింటివారిది ఓడల రంగుల కంపెనీ. ఇంగ్లండ్‌లోనూ ఫ్యాక్టరీ ఉండటంతో ఆయనకు ఇంగ్లిష్ అవసరమైంది. పాఠం మధ్యలో జాయిస్ ఓ రోజు తన కథ 'ది డెడ్' చదివి వినిపించాడు. ష్మిట్జ్ భార్య లీవియా తోటలోకి వెళ్లి పూలు కోసుకొచ్చి ఆ పంతులు చేతిలో పెట్టింది.

అప్పుడు ష్మిట్జ్ తన గుట్టు విప్పాడు. ఇటాలో స్వెవో పేరుతో తనూ రెండు నవలలు రాశాడు. ఎవరూ పట్టించుకోక కలం పక్కన పెట్టేశాడు. జాయిస్ అవి చదివి, నచ్చిన పేరాలు కంఠతా వచ్చేదాకా మెచ్చుకున్నాడు. బదులుగా 1909 ఫిబ్రవరిలో స్వెవో ఓ ఉత్తరం రాశాడు. జాయిస్ ఆపేసిన 'పోర్ట్రెయిట్' నవల మొదటి అధ్యాయాల మీద నిజాయితీ గల అభిప్రాయం అది. ఆగిన రచన మళ్లీ కదిలింది. తర్వాత జాయిస్ నవల 'యులిసిస్'లో లియొపోల్డ్ బ్లూమ్ పాత్రకు స్వెవో పోలికలు కొన్ని వచ్చాయి.

1923లో స్వెవో మూడో నవల 'లా కొషియెన్జా ది జేనో' వచ్చింది. ఇటలీ మళ్లీ మౌనం వహించింది. పారిస్‌లో ఉన్న జాయిస్ దాన్ని వలేరీ లార్బో వంటి విమర్శకుల చేతికి చేర్చాడు. 1926లో ఓ ఫ్రెంచి పత్రిక స్వెవో మీద ప్రత్యేక సంచికే తెచ్చింది. మరుసటి ఏడాది మిలాన్‌లో ఆ వృద్ధ శిష్యుడు తన గురువు రచనల మీద ప్రసంగించాడు.

వయసొచ్చినవాళ్లకు భాష చెప్పడంలో ఉన్న ఘనత ఇదే. విద్యార్థి ఖాళీ పలకతో రాడు, ఒక జీవితం వెంటబెట్టుకుని వస్తాడు. ఊరుగాని ఊళ్లో పొట్ట చేతబట్టుకుని తిరిగే పంతులుకు కూడా అతన్నుంచి నేర్చుకునేది బోలెడుంటుంది. జీతం ఎంత తక్కువైనా ఆ పనిని చిన్నచూపు చూడకూడదు.