హోరేస్ మాన్

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 1778లో ఒక చిన్న గ్రామమునకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టిరి. గ్రామస్థులు తమ ప్రార్థనా మందిరమునకు ఒక గంటను దానము చేయుమని ఆ మహనీయుని కోరిరి. గంట మ్రోతకంటె జ్ఞానము మేలని తలంచి ఆయన గంటకు మారుగా పుస్తకములను పంపెను. అవి 116 సంపుటములు. వానిని ఎవరెవరికి ఎరువీయవలెనను విషయమై కొంత వాదము నడచి, తుదకు 1790లో ఊరివారందరికిని ఉచితముగా నిచ్చుటకు నిర్ణయమయ్యెను.

ఆ యూరనే 1796 మే 4వ తేదీన ఒక పేద రైతుకుటుంబమున హోరేస్ మాన్ జన్మించెను. ఏటికి ఎనిమిది పది వారములకు మించి అతనికి బడి లేదు. టోపీలకు గడ్డి జడలల్లి, వచ్చిన సొమ్ముతో చదువు పుస్తకములు కొనుక్కొనెను. పదమూడవయేట తండ్రియు, మరుసటియేట నీట మునిగి అన్నయు గతించిరి. ఆ దుఃఖకాలమున అతనికి దిక్కైనవి ఫ్రాంక్లిన్ పంపిన పుస్తకములే. అయితే అవి ప్రాచీన చరిత్రలు, మతగ్రంథములు. పెద్దల రుచికి తగినవేకాని పిల్లలకు పనికివచ్చునవి కావని ఆయన తరువాత వాపోయెను. ఈ కొరతను ఆయన జీవితాంతము మరువలేదు.

బ్రౌన్ విశ్వవిద్యాలయమున 1819లో పట్టము పొంది, 1823లో న్యాయవాదియై, 1827లో రాష్ట్ర శాసనసభలో ప్రవేశించెను. పిమ్మట సెనేటు అధ్యక్షుడయ్యెను. 1837లో విద్యామండలి యేర్పడగా, చక్కగా సాగుచున్న వకీలు వృత్తిని విడిచి దానికి కార్యదర్శి పదవిని స్వీకరించెను. మిత్రులు విస్తుపోయిరి. ఏలయన ఆ పదవికి అధికారమేమియు లేదు. వివరములు సేకరించుట, ప్రకటించుట మాత్రమే దాని పని. మాన్ ఊరూర తిరిగి సభలు జరిపి, పండ్రెండు వార్షిక నివేదికలు వ్రాసి, ప్రజల పన్నుతో నడచు పాఠశాల ధనికునికిని పేదకును ఒక్కటే కావలెనని వాదించెను.

గ్రంథాలయములను ఆయన బడికి అనుబంధముగా కాక, బడి ముగిసిన పిమ్మటకూడ చదువును నిలుపు సాధనముగా నెంచెను. పాఠశాలా మండలములు మొదటియేట 30 డాలర్లును, అటుపై ఏటేట 10 డాలర్లును పన్ను వేసికొని పుస్తకములు కొనవచ్చునని 1837 నాటి శాసనము అనుమతించెను. ఒక్క మతశాఖకు చెందిన బోధలుగల గ్రంథములు అందు చేరరాదని మండలి పట్టుపట్టగా, మతవాదులు తీవ్రముగా నెదిర్చిరి. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు: వ్యాఖ్య లేకుండ బైబిలు చదివించిన చాలునను ఆయన యేర్పాటు ప్రొటెస్టెంటులకు సమ్మతమైనదేకాని కాథలిక్కులకు న్యాయము చేయలేదు.

1839లో లెక్సింగ్టన్‌లో ఉపాధ్యాయ శిక్షణాలయము తెరచిననాడు చేరినవారు ముగ్గురు బాలికలే. ఐరోపా పర్యటన తరువాత ఆయన ప్రష్యా పాఠశాలలను మెచ్చుకొనగా, 1844లో బోస్టన్ ఉపాధ్యాయులు 31 మంది ఆయనపై పుస్తకమే ప్రచురించిరి. బెత్తము విడుచుట వారికి ఇష్టము లేదు!

1848లో జాన్ క్విన్సీ ఆడమ్స్ మరణముతో ఖాళీయైన కాంగ్రెసు స్థానమునకు ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమే ‘పెర్ల్’ అను ఓడలో బానిసలను తప్పించ యత్నించిన నావికుల పక్షమున న్యాయస్థానమున వాదించెను. 1852లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయెను. మరుసటియేట ఒహాయోలోని ఆంటియాక్ కళాశాలకు అధ్యక్షుడై, స్త్రీపురుషులకు సమానముగా విద్య చెప్పించెను. అప్పులతో ఆ కళాశాల 1859లో వేలమునకు వచ్చెను. ఆ యేడే ఆగస్టు 2వ తేదీన మాన్ మరణించెను.

ఫ్రాంక్లిన్ పంపిన పుస్తకములు ఆ యూరి గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నవి.