తాగుడు మానడానికీ పదిమంది కావాలి



పండుగైనా, పెళ్లైనా, దినమైనా మన ఊళ్లలో ఇప్పసారానో జీలుగు కల్లో ఉంటుంది. ముందు వేల్పులకు, చనిపోయిన పెద్దలకు ధారపోసి, తర్వాత అందరూ కలిసి తాగడం మన ఆచారం. దీన్ని చూసి "ఆదివాసీలంటేనే తాగుబోతులు" అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట చరిత్ర ముందు నిలబడదు.

చెట్టు మీద హక్కు మన చేతుల్లోంచి పోయి, కల్లు, సారా వ్యాపార సరుకులయ్యాక తాగుడు తీరే మారిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం కల్లు ఆదాయాన్ని పాటదారులకు అప్పగించి, ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకు కూడా అడ్డుపడింది. 1879లో రంప పితూరీ లేవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

తాగుడును వదిలిన చరిత్ర కూడా మనకుంది. 1914లో ఛోటానాగ్‌పూర్‌లో జత్రా భగత్ మాట విని వేలాది ఉరావ్‌లు మద్యం మానేశారు. అదే తానా భగత్ ఉద్యమం. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసీలు ఊరూరా గుమిగూడి, దేవి ఆజ్ఞ అంటూ కల్లు, సారా విడిచిపెట్టారు. సారా వ్యాపారులకు అది పెద్ద దెబ్బ. మన తెలుగు నేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 1996 నాటి పెసా చట్టం మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని కట్టడి చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. అది ఈనాటికీ మన చేతిలో ఉన్న హక్కు.

అయితే కొట్టు మూయించడం ఒక పని, తాగుడుకు బానిసైన మనిషి చేత మాన్పించడం మరో పని. ఊళ్లో కొట్టు మూతపడితే అతను పక్క ఊరికి నడుస్తాడు. తిడితే, కొడితే, ఒట్టు వేయిస్తే నాలుగు రోజులు ఆగుతాడు. అతనికి కావలసింది తనలాగే ఆ బాధ పడి బయటపడినవాళ్ల తోడు.

ఈ సంగతి 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బయటపడింది. వ్యాపారం పని మీద అక్కడికి వచ్చిన బిల్ విల్సన్ అంతకు కొన్ని నెలల ముందే తాగుడు మానాడు. మళ్లీ తాగుతానేమోనన్న భయంతో, మాట్లాడటానికి మరో తాగుబోతు కోసం వెతికాడు. దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆ ఇద్దరి మాటల్లోంచే 'ఆల్కహాలిక్స్ అనానిమస్', అంటే ఏఏ, పుట్టింది. 1957 నాటికి అది బొంబాయి చేరింది.

ఆదివాసీలకు ఇది పనికొస్తుందా? కెనడాలోని ఆల్కలీ లేక్ చూడండి. అక్కడి షుస్వాప్ ఆదివాసీల పిల్లల్ని మిషన్ బడులకు తరలించి భాషను, ఆచారాలను దూరం చేశారు. ఊరంతా తాగుడులో మునిగింది. 1972లో ఫిలిస్ చెల్సీ, ఆ తర్వాత ఆమె భర్త ఆండీ తాగుడు మానారు. ఊళ్లో ఏఏ కూడికలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి చేరారు. సుమారు పదిహేనేళ్లలో ఊళ్లో నూటికి తొంభై అయిదు మంది మానేశారని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. మానినవాళ్లు తమ పాత ఆచారాలను మళ్లీ బతికించుకున్నారు. తాగుడు మానితే సంస్కృతి పోతుందని భయపడేవాళ్లకు ఈ ఊరే జవాబు.

కూడికలో ఏం జరుగుతుంది? గుండ్రంగా కూర్చుంటారు. చెప్పాలనుకున్నవాళ్లు తమ కథ చెబుతారు, మిగతావాళ్లు వింటారు. మధ్యలో సలహాలుండవు, తీర్పులుండవు. రుసుము లేదు. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. దేవుడి మాట వస్తుంది కానీ ఎవరి వేల్పు వారిదే, మతం మారమని ఎవరూ అడగరు. కొన్ని కూడికలకు ఎవరైనా రావచ్చు, కొన్ని బాధితులకు మాత్రమే. కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ వేరుగా ఉంది. మొదటి రోజు ఊరకే కూర్చుని విని వచ్చినా చాలు.

హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఏఏ కూడికలు జరుగుతాయి. ఫోన్‌లో చేరే ఆన్‌లైన్ కూడికలూ ఉన్నాయి. దారి తెలియకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లను ముందు ఆసుపత్రికి, తర్వాత కూడికకు తీసుకెళ్లాలి.

మీ అన్ననో, మామనో, స్నేహితుణ్ణో మొదటిసారి ఒంటరిగా పంపకండి. బస్సెక్కించి ఊరుకోకుండా వెంట వెళ్లండి. మానినవాళ్లు ఇద్దరు తయారైతే, పట్నం దాకా పోనక్కర్లేదు. వారానికొకసారి మన ఊరి చెట్టు కిందే కూర్చోవచ్చు. ఆక్రన్‌లో మొదలుపెట్టినవాళ్లు కూడా ఇద్దరే.